పాట వెంట వచ్చు కాలము

1974వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున దివంగతులైన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు తమ జీవితపు కడపటి కాలమున భగవద్గీతా శ్లోకములను, వానికి తెలుగు తాత్పర్యమును గ్రామఫోను రికార్డులకు గానము చేసి పోయిరి. విల్లు జారవిడిచి కూలబడిన యోధుని మరల లేవనెత్తి కార్యమునకు బురికొల్పిన గ్రంథమది. దానియందు శోకముకంటె ఉత్సాహబోధయే అధికము. అయినను కాలక్రమమున ఆ రికార్డునకు తెలుగునాట ఒక విచిత్రమైన గతి పట్టినది. మరణము సంభవించిన ఇంటి ముంగిట ఆ గానమును పెట్టుట ఆచారమైనది. అంతిమయాత్రకు వచ్చు వాహనములయందును అదియే మ్రోగసాగినది. తుదకు తెల్లవారుజామున ఏ యింటినుండియో ఆ కంఠము వినవచ్చినంతమాత్రమున "ఎవరు పోయినారో" యని వీధిలోనివారు తలుపు తీసి చూచునట్టి స్థితి యేర్పడినది. భక్తితో కొని తెచ్చుకొన్న గీతను "ఇంట్లో పెట్టకురా నాయనా, అశుభము" అని పెద్దలు వారించిన సందర్భములు పాఠకులలో పలువురకు అనుభవములోనివే. గానములో ఒక్క స్వరమును మారలేదు. దానిని జనులు వినిన సందర్భములు మాత్రము ఒకదానిమీద నొకటి పేరుకొని, అర్థమునే కప్పివేసినవి.

ఒక జాతికంతకును ఒక రికార్డు విషయమున జరిగినదే ప్రతి మనుష్యుని జీవితమునందును పెక్కు పాటల విషయమున, వాని యెరుకలేకయే, జరుగుచుండును. నలుగురు మిత్రులు సాయంకాలము వసారాలో కూర్చుండి తమతమ కిష్టమైన పాటలను గూర్చి ముచ్చటించుకొనుచుండగా గమనించినచో, రాగమును గూర్చి గాని, కవి ప్రయోగించిన పదమును గూర్చి గాని మాటలాడువారు మిక్కిలి తక్కువ. "అప్పుడు మేము తెనాలిలో ఉంటిమి, మా అక్కయ్య పెండ్లి కుదిరిన వేసవి అది" అని యొకరును, "హాస్టలులో ఆ పాట వచ్చినప్పుడెల్ల మా గదిలోవాడు దీపమార్పెడివాడు" అని మరియొకరును చెప్పుచుందురు. పాటలను పంచుకొనుచున్నామని వారు తలంతురు గాని, వారు పంచుకొనుచున్నది తమతమ వయస్సులనే. ఈ మాట నేను చమత్కారమునకై అన్నది కాదు. మనస్తత్త్వశాస్త్రజ్ఞులును నాడీశాస్త్రజ్ఞులును ఈ విషయమున చేసిన పరిశోధనల సారము దాదాపుగా ఇదియే.

ఒక సూచన వలన గతజీవితఘట్టము లెట్లు పైకి వచ్చునో పరీక్షింప బూనిన తొలివారిలో ఫ్రాన్సిస్ గాల్టన్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు ఒకడు. ఆయన 75 పదములను కాగితములపై వ్రాసికొని, ఒక్కొక్కదానిని చూచినప్పుడు తన మనస్సున తోచిన భావము లేకాలమునాటివో లెక్కించి, ఆ ఫలితములను 1879లో ప్రకటించెను. కాలము నిర్ణయింప వీలైన భావములలో సుమారు ఐదింట రెండు వంతులు బాల్యయౌవనములకు జెందినవిగా తేలెను. పదమునకు బదులుగా పాటనే సూచనగా గ్రహించి ఇట్టి పరీక్షలు విరివిగా జరుగుటకు మరి నూరేండ్లకు పైగా పట్టినది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖలో పనిచేయు పీటర్ జనాటా, విద్యార్థులకు వారి బాల్యకౌమారములందు ప్రచారములో నుండిన పాటలనుండి 30 సెకనుల చొప్పున ముక్కలను వినిపించి, 2007లో తన ఫలితములను వెలువరించెను. సగటున నూటికి 30 పాటలు వినినవారికి స్వీయజీవితమునందలి ఏదో యొక స్మృతిని కలిగించినవి. ఆ స్మృతులతో గూడి వచ్చిన భావములలో, గడచిన దినములను దలచుకొన్నప్పుడు కలుగు తీయని బెంగ ప్రముఖస్థాన మాక్రమించినది. నూటికి 30 అనిన స్వల్పముగా తోచవచ్చును. కాని ఆ పాటలను ఏరినది పరిశోధకులే గాని వినువారు కారు. అయోవా విశ్వవిద్యాలయమువారు 2016లో ప్రకటించిన మరియొక పరిశీలనలో ప్రసిద్ధవ్యక్తుల ముఖచిత్రములను పాటలతో బోల్చి చూచిరి. సంఖ్యలో ముఖములే ఎక్కువ స్మృతులను రేపినను, పాటవలన మేల్కొన్న స్మృతులలో ఎవరు, ఎక్కడ, ఏమి యను వివరములు సాంద్రముగా నుండినవి.

ఇక, చెవి ఒక పాటను గుర్తించుటకు ఎంతకాలము పట్టును? ఈ ప్రశ్నకు వచ్చిన సమాధానము సంగీతజ్ఞులను గూడ ఆశ్చర్యపరుపదగినది. షెలెన్‌బర్గ్ మొదలగు పరిశోధకులు 1999లో ప్రకటించిన ప్రయోగమున, ఐదు ప్రసిద్ధ గీతముల పేర్లను ముందుగా తెలిపి, వానినుండి సెకనులో పదవ వంతు, ఐదవ వంతు మాత్రము ఉండు తునకలను వినిపించిరి. అంత కొలది కాలములో పల్లవి కాదు గదా, ఒక యక్షరము సైతము సరిగా పలుకదు. అయినను శ్రోతలు కేవలము ఊహించి చెప్పినచో రాదగినదానికంటె అధికముగా సరియైన సమాధానములిచ్చిరి. ఆ తునకలను వెనుకనుండి ముందునకు త్రిప్పి వినిపించినప్పుడును, వానియందలి హెచ్చు శ్రుతిధ్వనులను తొలగించినప్పుడును గుర్తింపు తగ్గిపోయినది. దీనివలన తేలునదేమనగా, మనము పాటను మొట్టమొదట గుర్తుపట్టునది దాని బాణీనిబట్టి కాదు, ఆ నాదపు రంగునుబట్టి: ఆ గాయకుని గొంతు, ఆ వయొలినుల గుంపు, ఆనాటి రికార్డింగు గదియొక్క మ్రోత, ఇవియన్నియు కలిసి సెకనులో పదవ వంతుననే "ఇది అదే" యని చెప్పివేయును. పాత పాటలను క్రొత్త వాద్యములతో, క్రొత్త గొంతులతో మరల పాడించి మార్కెట్టునకు పంపు కంపెనీల శ్రమ పెద్దలవద్ద ఏల ఫలింపదో యిందువలన తెలియగలదు. రాగతాళములు చెక్కుచెదరకుండినను, వారి స్మృతి వేచియున్న ఆ ధ్వని అందులో లేదు. పెద్దలది మొండిపట్టని మనవళ్లు విసుగుకొందురు గాని, ఈ తగవులో నేను తాతగారి పక్షమే వహింతును.

మెదడులో ఈ వ్యాపారము నడచు తీరు కొంతవరకు తెలియవచ్చినది. ధ్వనిని కణతల లోపలి భాగమునందలి శ్రవణకేంద్రములు విశ్లేషించును. ఒక యనుభవమునందలి స్థలమును, మనుష్యులను, వాసనను, మాటలను ఒక్కటిగా ముడివేయు పని హిప్పోకాంపస్ అను చిన్న భాగమునది. భావోద్రేకమును దానికి తోడుచేయునది అమిగ్డలా. నొసటి వెనుక, రెండు అర్ధగోళములు ఎదురెదురుగా నుండు లోతట్టు ప్రదేశమున, "నేను" అను భావనతో సంబంధించిన విషయములను పరిశీలించు ప్రాంతమొకటి గలదు. జనాటా 2009లో 13 మంది యువజనులను ఎమ్మారై యంత్రములో పరుండబెట్టి పాటలు వినిపించినప్పుడు, స్మృతిని రేపిన పాటలకు ఈ ప్రాంతము అధికముగా స్పందించుటయే గాక, పాట ఒక శ్రుతినుండి మరియొక శ్రుతికి కదలుచుండగా ఆ కదలికను గూడ అనుసరించుచుండుట కనబడినది. స్వరసంచారమును, స్వీయచరిత్రను ఒకే స్థలమున కలుపు కూడలి యొకటి మనకు గలదని దీనినిబట్టి ఆయన ప్రతిపాదించెను.

ఆనందము సంగతి మరియొకటి. మాంట్రియల్ పరిశోధకులు 2011లో, తమ కిష్టమైన సంగీతమును విని గగుర్పాటు చెందు శ్రోతలను ఎన్నుకొని పరీక్షింపగా, పులకరింత కలిగిన క్షణమున ఒక భాగమునందును, ఆ క్షణము రాబోవుచున్నదని యెదురుచూచు వేళ వేరొక భాగమునందును డోపమీను అను రసాయనద్రవ్యము స్రవించుచున్నట్లు తెలిసినది. ఎదురుచూచుటయందే సగము సుఖమున్నదన్నమాట. ఎదురుచూడవలెనన్న ముందు తెలిసియుండవలెను గదా! తెలిసిన పాటకు క్రొత్త పాటపైనుండు ఆధిక్యమునకు ఇది ఒక రహస్యము.

అయితే ఏ కాలపు పాటలైనను ఇట్లు పనిచేయునా? చేయవు. నడివయస్సు దాటినవారిని తమ జీవితస్మృతులు చెప్పుడని యడిగి, వానిని వయస్సువారీగా గీసి చూచినచో, పదవ యేటినుండి ముప్పదవ యేటివరకుగల కాలమున గీత గూనివలె పైకి లేచును. 1986లో రూబిన్, వెట్జ్లర్, నీబెస్ అను పండితులు ఈ సంగతిని స్పష్టపరచినప్పటినుండి పెక్కు పరిశీలనలలో ఈ యుబ్బు కనబడుచునే యున్నది. పాటల విషయమున ఇది మరికొంత ముందునకు జరుగును. 2020లో డర్హమ్ విశ్వవిద్యాలయమునందలి పరిశోధకురాలు కెల్లీ జాకుబోవ్‌స్కీ, ఆమె సహచరులును 18 మొదలు 82 ఏండ్లవరకుగల 470 మందిని పరిశీలింపగా, స్వీయస్మృతులతో గట్టిగా పెనవేసికొన్న పాటలు వినువారికి సుమారు 14 ఏండ్ల ప్రాయమున ప్రచారములో నుండినవిగా తేలినది. ఏల? తొలిసారి జరుగు ఘటనలన్నియు ఆ వయస్సుననే క్రమ్ముకొని వచ్చునని కొందరును, "నేనెవడను" అను ప్రశ్నకు మనుష్యుడు సమాధానము వెదకికొను కాలమదియే గావున నాటి అభిరుచులు ఆత్మలో భాగములగునని కొందరును, మెదడు పరిపక్వమగుచు దేనినైనను గట్టిగా పట్టుకొను శక్తి అప్పుడధికమని మరికొందరును చెప్పుదురు. మూడును కొంతకొంత నిజమే కావచ్చును. నాకు రెండవదానియందు మొగ్గు ఎక్కువ; ఏలయన, దేశాంతరము పోయినవారి విషయము దానిని బలపరచుచున్నది. స్పానిషు మాతృభాషగా గలవారై నడివయస్సున, అనగా 34, 35 ఏండ్లకు, అమెరికాకు వలసపోయినవారిని శ్రాఫ్, రూబిన్ అనువారు 1998లో పరీక్షింపగా, వారి స్మృతుల యుబ్బు కౌమారమున గాక వలస పోయిన యేండ్లయందు లేచియుండినది. జీవితమెప్పుడు తిరగవ్రాయబడునో అప్పుడే స్మృతియు చిక్కబడునని దీని తాత్పర్యము. న్యూజెర్సీలోనో, మెల్బోర్నులోనో స్థిరపడిన తెలుగువారు విమానమెక్కిన సంవత్సరపు సినిమా పాటలను ప్రాణప్రదముగా దాచుకొనుట మనమెరిగినదే.

ఇంతకంటె విచిత్రమైన సంగతి మరియొకటి గలదు. కార్నెల్ విశ్వవిద్యాలయమున క్రమ్‌హాన్సల్, జుప్నిక్ అనువారు 2013లో, ఇంచుమించు 20 ఏండ్ల ప్రాయముగల 62 మంది విద్యార్థులకు 1955 మొదలు 2009 వరకు అమెరికాలో మిక్కిలి ప్రజాదరణ పొందిన గీతములను వినిపించిరి. వారి కాలపు పాటలు వారికి ప్రియములగుట వింత కాదు. కాని, ఆ విద్యార్థులు పుట్టకమునుపటి 1980వ దశాబ్దపు తొలినాళ్ల పాటలకు, అనగా వారి తలిదండ్రులు యౌవనమున నుండిన కాలపు పాటలకు, మరియొక ఉబ్బు కానవచ్చినది. 1960వ దశాబ్దమునకు ఇంకొకటియు కానవచ్చినది. పాటలు తలిదండ్రులనుండి బిడ్డలకు ఆస్తివలెనే సంక్రమించుచున్నవని పరిశోధకులు భావించిరి.

తెలుగునాట ఈ సంక్రమణము రేడియోద్వారా జరిగినది. 1952లో కేంద్రసమాచారశాఖామాత్యులైన బి.వి. కేస్కర్‌గారు సినిమా పాటలయెడ విముఖులై వానిని ఆకాశవాణినుండి దాదాపు బహిష్కరింపగా, జనులు సిలోను రేడియోకు ముల్లు త్రిప్పిరి. 1957 అక్టోబరు 3వ తేదీన వివిధభారతి ప్రారంభమైన పిదప మరల స్వదేశపు రేడియోకు తిరిగివచ్చిరి. ఇంటికొక్కటియే రేడియో, దాని ముల్లు పెద్దల చేతిలోనిది. పిల్లలు పాఠములు వల్లెవేయుచు, తల్లి బియ్యమేరుచు, తండ్రి పత్రిక చదువుచు అందరును అదే పాటను వినుచుండెడివారు. కార్డుపై తమ పేరును, ఊరిపేరును, కోరిన పాటను వ్రాసి పంపి, ఆ పేరు గాలిలో వినబడు ఘడియకై ఎదురుచూచిన కుటుంబములెన్నియో! 1951 నాటి మల్లీశ్వరి, 1953 నాటి దేవదాసు, 1957 నాటి మాయాబజారు పాటలు ఆ చిత్రములు విడుదలైన ఇరువదియేండ్లకు పుట్టినవారికి గూడ బాల్యస్మృతులగుట ఇట్లు సంభవించినది. నేడు ప్రతివాని చెవులయందు వాని పాట వానిది. ఇందువలన ఈ వారసత్వము తెగిపోవునని నేను శాస్త్రప్రమాణముతో చెప్పజాలను. భయపడుచున్నానని మాత్రము చెప్పగలను.

ఇన్ని చెప్పిన పిమ్మట, ప్రతిదినము వినెడి పాటయే అన్నిటికంటె ఎక్కువ జ్ఞాపకములు రేపవలెను గదా యని పాఠకులడుగవచ్చును. జరుగునది దీనికి విరుద్ధము. ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి వేంకటేశ్వర సుప్రభాతము 1963లో రికార్డయినది మొదలు దక్షిణదేశపు ఉదయములందు వినబడుచునే యున్నది. అది వినినప్పుడు "ఉదయము" అను భావన కలుగును గాని ఒకానొక ఉదయము మనస్సునకు రాదు. ఒకే చిలుకకొయ్యకు నూరు బట్టలు తగిలించినచో కావలసిన పంచె చేతికి దొరకదు. ఒక సూచనకు ఎక్కువ స్మృతులను ముడివేసిన కొలది వానిలో ఏ యొక్కదానినైనను పైకి లాగగల శక్తి దానికి క్షీణించునని మనస్తత్త్వశాస్త్రము 1975నాటికే గ్రహించినది. కావున స్మృతిని చక్కగా కాపాడు పాట ఎట్టిదనగా, ఒకానొక కాలమున తెగ వినబడి, ఆ పిమ్మట చిరకాలము వినబడకుండ పోయినట్టిది. పూర్వము పల్లెలలో టూరింగు టాకీసువారు ఆట మొదలు పెట్టుటకు ముందు ఘంటసాలగారు పాడిన వేంకటేశ్వరుని భక్తిగీతమొకటి మైకులో వేసెడివారు. అది చెవిని బడగానే అన్నము ముందునుండి లేచి పరుగెత్తినవారు, నేల టిక్కెట్టు కొని ఇసుకలో చదరముగా చోటు చేసికొన్నవారు నేటికిని ఆ గీతమును వినినచో, డేరా గుడ్డ వాసనయు, గోలీసోడా చప్పుడును అక్కడనే యున్నట్లు చెప్పుదురు. భక్తిగీతము ఏ దేవుని గుడినో గుర్తుచేయక టిక్కెట్టు కిటికీని గుర్తుచేయుట దాని దోషము గాదు.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. పాట స్మృతికి కాంతి నిచ్చునేగాని, సత్యమునకు పూచీ పడదు. స్మరించిన ప్రతిసారియు మెదడు ఆ ఘట్టమును ఉన్న ముక్కలతో మరల కట్టుచుండునని శాస్త్రజ్ఞులలో నేడు సాధారణాభిప్రాయము; కావున పెండ్లినాడు ఆ పాటయే మైకులో వచ్చినదని అన్నయు, కాదు మరియొకటని తమ్ముడును ప్రమాణములు చేసినచో, ఇరువురి నిశ్చయమును నమ్మవలసిన పని లేదు.

స్మృతి కూలిపోయిన వారియందు పాట యేమగునను ప్రశ్నను చివరకు ఉంచితిని. క్లైవ్ వేరింగ్ అను ఆంగ్ల సంగీతవిద్వాంసునకు 1985లో వైరస్ వలన మెదడువాపు వచ్చి హిప్పోకాంపస్ రెండు వైపులను నశించినది. ఏ యనుభవమైనను ఆయనయందు కొలది సెకనులకంటె నిలువదు. అట్టివాడు పియానో ముందు కూర్చున్నప్పుడు తప్పులేకుండ వాయించెను, గాయకబృందమును నడిపెను; వాయించితినన్న సంగతి మాత్రము మరుక్షణమున మరచెను. పాట వేరు, పాటకు అంటుకొన్న ఘట్టము వేరు, రెండింటిని మెదడు ఒకేచోట దాచదనుటకు ఇంతకంటె నిదర్శనము దొరకదు. లైప్‌జిగ్ పరిశోధకులు 2015లో, చిరపరిచిత గీతములు వినునప్పుడు ఆరోగ్యవంతుల మెదడులో పనిచేయు ప్రదేశములను గుర్తించి, వానిని అల్జీమర్స్ రోగుల మెదడు చిత్రములతో సరిపోల్చగా, ఆ ప్రదేశములు తక్కిన భాగములకంటె తక్కువగా క్షీణించినట్లు కనుగొనిరి. రోగులకే పాటలు వినిపించి పరీక్షించిన పని గాదది. పటములను పోల్చి చూచినది మాత్రమే. సంగీతముతో మతిమరపు నయమగునని ప్రకటించువారిని నమ్మవలదు. వైద్యపరిశోధనలనన్నిటిని తూచి చెప్పు కొక్రేన్ సంస్థ 2018 నాటి సమీక్షలో, కనీసము ఐదు పర్యాయములు జరిపిన సంగీతచికిత్సవలన ఇట్టి రోగుల దిగులు కొంత తగ్గవచ్చుననియు, అలజడిపై దాని ప్రభావము దాదాపు లేదనియు తేల్చినది. దిగులు తగ్గుటయు చిన్న సంగతి కాదు. ఫ్రాన్సులో 2012లో జరిగిన ఒక పరిశీలనలో, రోగులు తామే యెన్నుకొన్న సంగీతము, పరిశోధకులు వినిపించిన వివాల్డీ రచనకంటె వారి స్వీయస్మృతులను అధికముగా మేల్కొలిపినదని తెలిసినది. ప్రశస్తమైన సంగీతముకంటె తన సంగీతమే మేలన్నమాట.

కనుక ఇంటిలో వృద్ధులున్న పాఠకులకు నేనొక మనవి చేయుచున్నాను. బ్రిటిషు రేడియో 1942 జనవరిలో రాయ్ ప్లమ్లీ అనునతని ఊహనుబట్టి ఒక కార్యక్రమమును ప్రారంభించి నేటివరకు నడుపుచున్నది: నిర్జనద్వీపమునకు పోవలసివచ్చినచో వెంట గొనిపోవు ఎనిమిది రికార్డు లేవియో చెప్పుమని ప్రముఖులనడుగుట దాని పద్ధతి. మీ తల్లిగారిని, తాతగారిని ఆ ప్రశ్నయే అడుగుడు. మీ యభిరుచిని వారిపై రుద్దక, వారి జన్మసంవత్సరమునకు పదిని, ఇరువదియైదును కూడి చూడుడు. 1945లో పుట్టినవారికి 1955 మొదలు 1970 వరకు వచ్చిన పాటలలో వెదకవలెను. ఆ యెనిమిది పాటల పేర్లను, పాడినవారిని, వారు వానిని వినిన ఊరిని, అప్పుడు ప్రక్కనున్నవారిని ఒక నోటుపుస్తకములో వ్రాసి యుంచుడు. మూలపు రికార్డులనే సేకరింపుడు, క్రొత్తగా పాడించినవి పనికిరావు. వారు స్పష్టముగా చెప్పగలిగియున్న దినములలోనే ఈ పని ముగింపుడు.